30 అంగుళాల టైర్లు వేసిన వెయ్యి సీసీ ఏటీవీ: క్లచ్ మొత్తం మార్చాలా, కిట్ సరిపోతుందా?

బత్తాయి తోట (దేవరకొండ) అడిగినది:

అందరికీ నమస్కారం. నా దగ్గర వెయ్యి సీసీ తరగతి ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద నడిపే నాలుగు చక్రాల బండి) ఒకటి ఉంది. రెండు సిలిండర్ల ఇంజను, బెల్టుతో నడిచే ఆటోమేటిక్ క్లచ్, హై, లో, రివర్స్ గేర్లు. మొదటి యజమాని దాన్ని మనాలిలో నడిపేవారు. తరువాత అది హైదరాబాదుకు వచ్చింది, అక్కడ నేను కొన్నాను. లోపల ఏ భాగం కంపెనీ నుంచి వచ్చినది, ఏది మధ్యలో మార్చినది అన్నది నాకు అమ్మినవారికి కూడా తెలియదు కాబట్టి ఈ వివరం ముందే చెబుతున్నాను. కొన్నప్పుడు 26 అంగుళాల టైర్లు ఉండేవి. మా తోటలో ఒక పక్క ఎర్ర చెల్క, ఇంకో పక్క రేగడి. వానలు పడ్డాక రేగడిలో దిగితే బండి కడుపు నేలకు ఆనుతోందని 30 అంగుళాల టైర్లు వేయించాను. బండి ఎత్తు పెరిగింది గాని క్లచ్‌తో ఇబ్బంది కూడా అప్పటి నుంచే కనబడుతోంది.

ఆగిన చోటు నుంచి హై గేరులో కదిలించేటప్పుడు బండి సాఫీగా పోకుండా ఒకే తాళంలో కుదుపుతుంది, కొంచెం వేగం అందుకున్నాక ఆ కుదుపు పోతుంది. మందు కొట్టే ట్యాంకును వెనక తగిలించుకొని చెట్ల సాళ్ల మధ్య మనిషి నడిచే వేగంతో పోతుంటే కాసేపటికి రబ్బరు కమురు వాసన వస్తుంది. ఇక ఆదివారాలు మిత్రులతో కలిసి మా వైపు గుట్టల మీదికి పోయినప్పుడు, ఎక్కుడులో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినా ఇంజను రొద పెరిగినంతగా చక్రాలకు బలం అందడం లేదు. ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువగా ఉంటుంది.

ఒక వర్క్‌షాపులో చూపించాను. వారు బెల్టు మార్చి, క్లచ్ "బలం చాలడం లేదు" కాబట్టి విదేశాల నుంచి రేసింగ్ క్లచ్ మొత్తం తెప్పించుకోమని చెప్పారు. దిగుమతి సుంకంతో కలిపి వారు చెప్పిన ధరకు ఒక మంచి మోటారు సైకిలు వస్తుంది. వెయిట్లు, స్ప్రింగులు మాత్రమే ఉండే కిట్ వేస్తే సరిపోతుందని ఇంకొకరు అన్నారు. డబ్బు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ దేనికి పెడుతున్నానో తెలిసి పెట్టాలని ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గుట్టదారి (మహబూబ్‌నగర్) జవాబు:

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది: మనాలి, 30 అంగుళాలు, నడక వేగం. మిగిలిన సగం ఇంజను ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అంకెలో ఉంది, అది మీరు రాయలేదు. ఆ అంకె లేకుండా కొత్త క్లచ్ కొనమని ఎవరు చెప్పినా అది ఊహ మాత్రమే.

ఈ క్లచ్ పనితీరు కొత్తదేమీ కాదు. కైనెటిక్ హోండా కాలం నుంచి మన మెకానిక్కులు విప్పుతున్న వేరియేటర్ సూత్రమే ఇది. ఇంజను క్రాంకు మీద ముందు పుల్లీ, గేర్ బాక్సు ఇరుసు మీద వెనక పుల్లీ, రెండింటినీ కలుపుతూ ఒక బెల్టు. ముందు పుల్లీలో ఉన్న వెయిట్లు ఇంజను వేగం పెరిగే కొద్దీ బయటికి విసురుకొని కదిలే పలకను బెల్టు మీదికి నెడతాయి, వాటికి ఎదురుగా ఒక స్ప్రింగు ఆపుతూ ఉంటుంది. వెనక పుల్లీలో ఇంకొక స్ప్రింగు, హెలిక్స్ అనే ఏటవాలు గాడి ఉంటాయి. బరువు మీద పడినప్పుడు ఆ హెలిక్స్ వెనక పలకలను దగ్గరికి బిగించి, బెల్టును తిరిగి చిన్న గేరు స్థితికి లాగుతుంది. అయితే స్కూటరుకూ ఈ బండ్లలో చాలావాటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. స్కూటరులో బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, జారి అందుకునే పని వెనక ఉన్న క్లచ్ షూలది. పోలారిస్ వంటి ఏటీవీలలో వేరే షూలు ఉండవు, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజను తిరిగేటప్పుడు) ముందు పుల్లీ బెల్టును వదిలేస్తుంది, కదిలేటప్పుడు జారి అందుకునే పని కూడా బెల్టే చేయాలి. యమహా గ్రిజ్లీ వంటి వాటిలో నూనెలో తిరిగే సెంట్రిఫ్యూగల్ క్లచ్ (ఇంజను వేగం పెరిగితే దానంతట అదే పట్టేది) విడిగా ఉండి బెల్టు ఎప్పుడూ పట్టులోనే ఉంటుంది. మీది మొదటి రకమని మీరు చెప్పిన లక్షణాలను బట్టి అనుకుంటున్నాను.

క్లచ్ శక్తిని పుట్టించదు. ఇంజను ఏ వేగంలో గరిష్ఠ శక్తి ఇస్తుందో ఆ వేగం దగ్గర ఇంజనును పట్టి ఉంచడం, బెల్టు జారకుండా ఆ శక్తిని వెనకకు అందించడం, ఈ రెండే దాని పనులు. రేసింగ్ క్లచ్ వేసినంత మాత్రాన గుర్రపు శక్తి పెరగదు. కాబట్టి ఇప్పుడున్న క్లచ్ ఈ రెండు పనుల్లో ఏది చేయలేకపోతోందో ముందు తేల్చుకోవాలి.

టైర్ల సంగతి చూడండి. 26 నుంచి 30 అంగుళాలకు పోయారంటే చక్రం చుట్టుకొలత 15 శాతం పెరిగింది. అంటే అదే గేరులో నేల మీద అందే ఈడ్పు బలం 13 శాతం తగ్గింది. దీనికి తోడు పెద్ద టైరు బరువు ఎక్కువ, ఆ బరువు కూడా ఇరుసుకు దూరంగా ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పి కదిలించడానికి బెల్టు ఇంకా ఎక్కువసేపు జారుతుంది. జారిన ప్రతి క్షణం వేడిగా మారుతుంది. నల్గొండ ఎండల్లో నీడలోనే 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ డబ్బాలోకి పోయే గాలే వేడిగా ఉంటుంది, ఇక బెల్టును చల్లబరిచేది ఏముంది?

రెండవది మనాలి. అది సముద్ర మట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంది, నల్గొండ అంతకంటే చాలా కిందన ఉంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఇంజను శక్తి సుమారు 3 శాతం తగ్గుతుందన్నది అందరూ వాడే లెక్క. ఆ లెక్కన అక్కడ మీ ఇంజను ఇక్కడికంటే పదిహేను శాతానికి పైగానే తక్కువ శక్తితో నడిచింది. అంత ఎత్తులో నడిపేవారు ఇంజను ఆర్‌పీఎం పడిపోకుండా ముందు పుల్లీలో తేలికపాటి వెయిట్లు వేయించుకోవడం మామూలే. మీ బండిలో ఆ తేలిక వెయిట్లే ఇంకా ఉండి ఉంటే మీరు ఎన్ని స్ప్రింగులు మార్చినా లెక్క కుదరదు.

అందుచేత ముందు చేయవలసినది ఇది. ఇంజను, బెల్టు బాగా వేడెక్కాక, చదునైన సొంత నేల మీద, హై గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, వేగం పెరుగుతున్నంతసేపు ఆర్‌పీఎం ఎక్కడ నిలుస్తుందో చూడండి. అది సర్వీస్ పుస్తకం చెప్పిన గరిష్ఠ శక్తి ఆర్‌పీఎం కంటే తక్కువగా నిలిస్తే మీ బండికి వెయిట్లు ఎక్కువైనట్టు. దాన్ని దాటిపోయి లిమిటర్‌ను (ఇంజను వేగాన్ని హద్దు దాటనివ్వని ఏర్పాటును) తాకుతుంటే వెయిట్లు తక్కువైనట్టు. అలాగే ఐడిల్ నుంచి మెల్లగా నొక్కుతూ బండి ఏ ఆర్‌పీఎం దగ్గర కదలడం మొదలుపెడుతుందో కూడా రాసుకోండి. ఎక్కుడులో ఇంకోసారి చూడండి. ఈ అంకెలు పెడితే మాట్లాడదాం.

ఈలోపు తోట పనికి లో గేరు తప్ప వాడకండి. గంటకు 11 కిలోమీటర్ల లోపు వేగంతో ఎక్కువసేపు నడిపినా, బరువు ఈడ్చినా లో గేరే వాడాలని తయారీదారులే యజమాని పుస్తకంలో రాస్తారు. హై గేరులో నడక వేగంతో ట్యాంకును లాగితే ఏ దేశపు క్లచ్ అయినా కమురుతుంది.

ఇసుక దారి (కొల్లాపూర్) జవాబు:

పై మిత్రుడు చెప్పినది శాస్త్రప్రకారం సరైనదే గాని, ఇంత లెక్క అవసరమా అనిపిస్తోంది. మేము సోమశిల వైపు కృష్ణ ఒడ్డున ఇసుకలో నడుపుతాము. పెద్ద టైర్లు వేశాక వెనక పుల్లీకి దొరికినంత గట్టి స్ప్రింగు వేశాను, బెల్టు జారడం ఆగింది, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కితే బండి వెంటనే అందుకుంటోంది. అదొక్కటే మార్చి చూడండి, తక్కువ ఖర్చు.

పానా పట్టకారు (నల్గొండ) జవాబు:

నేను లేత్, మెకానిక్ పని రెండూ చేస్తాను. ట్రాక్టర్లు, స్కూటర్లు ఎక్కువ, చుట్టుపక్కల ఫార్మ్ హౌసులవారి ఏటీవీలు కూడా వస్తుంటాయి. స్ప్రింగు గురించి ఒక మాట. వెనక స్ప్రింగు గట్టిదైతే బెల్టు మీద పట్టు పెరిగి, ఎక్కుడులో చిన్న గేరుకు త్వరగా దిగుతుంది, అది నిజమే. కానీ ఇసుకలో ఎప్పుడూ ఎక్కువ ఆర్‌పీఎంలో నడిచే బండి వేరు, తోటలో రోజంతా మెల్లగా తిరిగే బండి వేరు. అవసరానికి మించి గట్టి స్ప్రింగు వేస్తే బెల్టు పెద్ద గేరులోకి ఎక్కడానికి మొండికేస్తుంది, ఇంజను ఊరికే అరుస్తుంది, పలకల మధ్య నలిగి బెల్టు వేడెక్కుతుంది. బెల్టును కాపాడుదామని వేసిన స్ప్రింగే దాన్ని తినేస్తుంది. ఒక మెట్టు గట్టిది చాలు, మూడు మెట్లు వద్దు.

దేవరకొండ మిత్రులు చెప్పిన "ఒకే తాళంలో కుదుపు" వినగానే నేను ముందు బెల్టునే అనుమానిస్తాను. హై గేరులో బరువుతో ఆగి కదిలినప్పుడు, చక్రాలు కదలకుండా ముందు పుల్లీ మాత్రం బెల్టు మీద ఒకే చోట రుద్దుకుంటే అక్కడ బెల్టు వెడల్పు తగ్గిపోతుంది. ఆ సన్నబడిన చోటు పుల్లీలోకి వచ్చిన ప్రతిసారీ ఒక కుదుపు. కొత్త బెల్టు వేసినంత మాత్రాన అలవాటు మారకపోతే కొత్తదానికీ అదే గతి. వెర్నియర్ తీసుకొని బెల్టు చుట్టూ అక్కడక్కడా వెడల్పు కొలవండి, కంటికి కనబడనిది అంకెలో కనబడుతుంది.

విప్పేటప్పుడు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి, మా దగ్గరికి చెడిపోయి వచ్చే బండ్లలో చాలా భాగం విప్పడంలో చెడిపోయినవే. ముందు పుల్లీ క్రాంకు మీద కోసుగా (శంకువులా సన్నబడే భాగం మీద) బిగిసి ఉంటుంది. దానికి తగిన పుల్లర్ బోల్టుతోనే తీయాలి, సుత్తితో గాని, పలకల మధ్య రాడ్డు దూర్చి గాని కాదు. పలక అంచు ఒక్కసారి వంగితే ఇక ఆ పుల్లీ పనికిరాదు. పుల్లర్ దొరకకపోతే కొలత ఇచ్చి గట్టి ఉక్కుతో లేత్ మీద చేయించుకోవచ్చు, నేను కొన్ని చేశాను. మూత తీసేముందు మూతకూ లోపలి సాలీడు ఆకారపు ముక్కకూ కదిలే పలకకూ కలిసేలా మార్కర్‌తో గీతలు పెట్టుకోండి. ఆ ముక్కలన్నీ కలిపి ఫ్యాక్టరీలో బ్యాలెన్స్ చేసి ఉంటాయి, ఒక స్థానం పక్కకు తిప్పి బిగించినా వణుకు మొదలై క్రాంకు బేరింగు దాకా పోతుంది. మూత కింద స్ప్రింగు నొక్కుడులో ఉంటుంది కాబట్టి మరలు ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా విప్పకుండా, అన్నింటినీ కొంచెం కొంచెంగా వదులు చేయండి, ముఖం పక్కన పెట్టుకోండి.

లోపల చూడవలసినవి రోలర్లు, వాటి బుష్‌లు, వెయిట్ల వంపు మీద గాడి పడిందా లేదా, వెనక హెలిక్స్‌లో తిరిగే ప్లాస్టిక్ గుండీలు. రోలరు ఒక పక్క చదునుగా అరిగితే వెయిటు అక్కడ తట్టుకుంటూ పోతుంది, గేరు పెరగడం సాఫీగా ఉండదు. చాలామంది "క్లచ్ బలం పోయింది" అనేది నిజానికి ఈ అరుగుదల. కొన్ని బుష్‌లు, రోలర్లు మారిస్తే కంపెనీ క్లచ్ మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది.

శుభ్రం చేయడం గురించి తప్పనిసరిగా చెప్పాలి. మన వైపు ఏ భాగమైనా డీజిల్‌లోనో కిరోసిన్‌లోనో కడగడం అలవాటు. పుల్లీ పలకలకు అది పనికిరాదు, తుడిచినా సన్నని జిడ్డు పొర మిగిలి బెల్టు జారుతుంది. స్కాచ్‌బ్రైట్ పీచుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గాని ఎసిటోన్ గాని పోసిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. గ్రీజు, బెల్టు డ్రెస్సింగ్ వంటివి దగ్గరికి రానివ్వకండి. బెల్టు ఎప్పుడైనా లోపలే తెగి ఉంటే దాని దారాలు పుల్లీ వెనక క్రాంకు సీలు దగ్గర చుట్టుకొని ఉండవచ్చు, ఒక్కొక్కటీ ఏరి తీయాలి, లేకపోతే సీలు కోసుకుపోయి ఇంజను ఆయిలు బెల్టు డబ్బాలోకి దిగుతుంది.

చివరిగా గాలి దారి. క్లచ్ డబ్బాలోకి గాలి పోయే గొట్టం, బయటికి వచ్చే గొట్టం రెండూ విప్పి లోపలికి టార్చి వేసి చూడండి. చెల్క దుమ్ము, వేరుశనగ పొట్టు, ఆకులు దూరి ఉంటాయి. ఈ ఒక్క పని చేయకుండా క్లచ్ గురించి ఏమీ తేల్చకూడదు.

ఐదు గేర్లు (జడ్చర్ల) జవాబు:

చర్చ పక్కకు పోతుందని కాదు గాని, ఇది చదివి నాలాంటివారు కూడా వెయిట్ల కోసం వెతుకుతారని రాస్తున్నాను. నాది యమహా రాప్టర్ 700. అందులో బెల్టు లేదు. మోటారు సైకిలులో ఉన్నట్టే చేతి లీవరు, ఐదు గేర్లు, నూనెలో మునిగి తిరిగే పలకల క్లచ్. అలాంటి బండికి క్లచ్ మెరుగుపరచడం అంటే లెక్క పూర్తిగా వేరు. గట్టి స్ప్రింగులు, మంచి ఘర్షణ పలకలు, పలకల పళ్లు తగిలి బాస్కెట్ (పలకలు కూర్చునే గిన్నె) వేళ్లు గుంటలు పడి ఉంటే కొత్త బాస్కెట్, అంతే. గుంటలు చిన్నవైతే ఆకురాయితో నునుపు చేయవచ్చు, లోతుగా ఉంటే పలకలు అక్కడ ఇరుక్కొని లీవరు పూర్తిగా లాగినా క్లచ్ వదలదు.

కొనేముందు నూనె డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (నూనెలో తిరిగే క్లచ్‌కు సరిపోతుందని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూడండి. కార్లకు పోసే, ఇంధనం ఆదా చేస్తుందని చెప్పే నూనెల్లో ఘర్షణను తగ్గించే మిశ్రమాలు ఉంటాయి. వాటిని పోస్తే కొత్త పలకలు కూడా జారుతాయి. కొత్త పలకలను బిగించేముందు ఇంజను ఆయిలులో నానబెట్టాలి. లీవరుకు కొంత ఆట ఉండాలి, కేబులు బిగువుగా ఉంటే క్లచ్ సగం పట్టుతోనే నడిచి కాలిపోతుంది. స్ప్రింగు మరీ గట్టిదైతే సాయంత్రానికి ఎడమ చేయి చెబుతుంది.

పానా పట్టకారు (నల్గొండ) జవాబు:

జడ్చర్ల మిత్రులు చెప్పినది సరైనది. పాత స్ప్రింగుల పొడవు కొలిచి, పుస్తకంలోని హద్దు కంటే తగ్గితే మార్చాలన్నది కూడా కలుపుకోండి. చాలాసార్లు కొత్త కంపెనీ స్ప్రింగులే సరిపోతాయి.

బత్తాయి తోట (దేవరకొండ) తిరిగి రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చూసి అంకెలు తెచ్చాను. పూర్తి యాక్సిలరేటర్‌లో చదును నేల మీద ఆర్‌పీఎం పుస్తకంలోని గరిష్ఠ శక్తి అంకెకు వంద లోపు తేడాతోనే నిలిచింది, లిమిటర్‌ను తాకలేదు. ఇది చూసి వెయిట్లు సరిగానే ఉన్నాయనుకున్నాను. కానీ బండి కదలడం మొదలయ్యే ఆర్‌పీఎం పుస్తకంలో ఉన్నదానికంటే సుమారు నాలుగు వందలు ఎక్కువగా ఉంది. గుట్ట ఎక్కేటప్పుడు అంకె నిలకడగా లేదు, పెరుగుతూ తగ్గుతూ ఉంది.

పుల్లీ తీయించి వెయిట్లను మా ఊరి బంగారు కొట్టులో తూయించాను. ఆ త్రాసు గ్రాములో వందో వంతు దాకా చూపిస్తుంది. మూడు వెయిట్లూ ఒకదానితో ఒకటి సమానంగా ఉన్నాయి గాని, నా మోడలుకు పుస్తకం చెప్పిన బరువు కంటే ఒక్కొక్కటి ఐదు గ్రాములు తక్కువ. అంటే మనాలి సంగతి నిజమే. బెల్టు ఒక చోట రెండు మిల్లీమీటర్లు సన్నబడి, అక్కడ పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి. రోలర్లు బాగానే ఉన్నాయి, వెనక గుండీలు అరిగాయి. గాలి గొట్టంలో ఎండిన రేగడి, బత్తాయి ఆకులు దాదాపు సగం దాకా ఉన్నాయి. తేలిక వెయిట్లు ఉన్నా పూర్తి వేగంలో ఆర్‌పీఎం సరిగా ఎలా వస్తోందన్నది మాత్రం నాకు అర్థం కాలేదు.

గుట్టదారి (మహబూబ్‌నగర్) జవాబు:

అసలు కిటుకు అక్కడే ఉంది. తేలిక వెయిట్లు ఆర్‌పీఎంను పైకి నెడతాయి. పెద్ద టైర్ల భారం దాన్ని కిందికి లాగుతుంది. రెండూ ఒకదానికొకటి కొట్టుకుపోయి పూర్తి వేగంలో అంకె సరిగ్గా కనబడుతోంది. పై అంకె మాత్రమే చూసి క్లచ్ బాగుందని ఎవరైనా అనుకుంటారు. కానీ కదిలేటప్పుడు పరిస్థితి వేరు. వెయిటు తేలికైతే అదే ఆర్‌పీఎం దగ్గర బెల్టును నొక్కే బలం తక్కువ. కాబట్టి పట్టు ఆలస్యంగా వస్తుంది, మీకు కనబడిన నాలుగు వందల తేడా అదే. పట్టు వచ్చాక కూడా పెద్ద టైరును కదిలించేంత బిగువు ఉండదు, బెల్టు జారుతుంది, కమురుతుంది, ఒక చోట సన్నబడుతుంది.

అలాగని పుస్తకం చెప్పిన బరువైన వెయిట్లు వేసేస్తే పట్టు బాగుపడుతుంది గాని, 30 అంగుళాల టైర్లతో పూర్తి వేగంలో ఆర్‌పీఎం కిందికి పడిపోతుంది. ఒక్కో వెయిటుకు ఒక గ్రాము మారిస్తే సుమారు వంద ఆర్‌పీఎం మారుతుందని సవారీ చేసేవాళ్లు వాడే ఉజ్జాయింపు లెక్క. మీ ఐదు గ్రాములూ ఒకేసారి పెంచితే గుట్ట ఎక్కడం ఇప్పటికంటే కష్టమవుతుంది.

కాబట్టి మీకు కావలసినది బరువును సర్దుకోగలిగే వెయిట్లు. వీటిలో మడమ (ఇరుసుకు దగ్గరి భాగం) దగ్గర, కొస దగ్గర విడివిడిగా బరువు కలపడానికి రంధ్రాలు ఉంటాయి. బండి కదిలేటప్పుడు పనిచేసేది మడమ భాగం, పూర్తి వేగంలో పనిచేసేది కొస. మడమలో బరువు పెంచి కొసను తేలికగా ఉంచితే కింద పట్టు, పైన ఆర్‌పీఎం రెండూ దక్కుతాయి. డాల్టన్ వంటి తయారీదారులు పెద్ద టైర్ల కోసమని అమ్మే కిట్లు ఈ పద్ధతిలోనివే, వెయిట్లతో పాటు ముందు, వెనక స్ప్రింగులు వస్తాయి. కొనేటప్పుడు మీ బండి మోడలు సంవత్సరం, టైరు కొలత, మీ ఊరి ఎత్తు, నేల స్వభావం రాసి పంపండి. ఎత్తు అడగకుండా కిట్ అమ్మేవారి దగ్గర కొనవద్దు.

రేసింగ్ క్లచ్ గురించి అడిగారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. ఐడిల్‌లో కూడా బెల్టును వదలకుండా పట్టుకొని, జారే పనిని విడి సెంట్రిఫ్యూగల్ షూలకు అప్పగించే ముందు క్లచ్‌లు బయట దొరుకుతాయి. రోజూ బరువు లాగే బండికి అవి నిజంగా మేలు చేస్తాయి. కానీ సన్నబడిన బెల్టు, సగం మూసుకుపోయిన గాలి గొట్టం, మనాలి వెయిట్లు ఉన్న బండికి అది ఇప్పుడు వేస్తే దేనివల్ల బాగుపడిందో మీకు ఎప్పటికీ తెలియదు. కిట్ వేశాక కూడా తోటలో కమురు వాసన వస్తే అప్పుడు ఆలోచించండి. ఇంకా బురదలోనే ఎక్కువ తిరుగుతారంటే గేర్ బాక్సు లోపల తగ్గింపు గేర్లు వేయించడం 30 అంగుళాల టైరుకు అసలైన మందు. అందులో గరిష్ఠ వేగం పోతుంది, గేర్ బాక్సు పూర్తిగా విప్పాలి. మీ అవసరానికి అంత దూరం పోనక్కరలేదనుకుంటున్నాను. 27 లేదా 28 అంగుళాల టైర్లకు దిగడం కూడా ఒక మార్గమే, అయితే టైర్లు కొన్నాక ఆ మాట ఎవరికీ నచ్చదు.

ఇసుక దారి (కొల్లాపూర్) జవాబు:

ఆ మడమ, కొస లెక్క నాకు కూడా కొత్త. నా బండి వెయిట్లు కూడా తూయించి చూస్తాను. గట్టి స్ప్రింగు వేశాక నా బెల్టు డబ్బా మూత చేయి పెట్టలేనంత వేడెక్కడం నిజమే, అది ఎండ వల్ల అనుకున్నాను.

పానా పట్టకారు (నల్గొండ) జవాబు:

చేయి పెట్టి చూడటం వద్దు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తక్కువ ధరలోనే దొరుకుతుంది, బయటికి వచ్చే గాలి గొట్టం మొదట్లో ప్రతిసారీ ఒకే చోట కొలవండి. అక్కడ 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చని నేను లెక్క పెట్టుకుంటాను. అది వంద వైపు పోతుంటే ఆపి, న్యూట్రల్‌లో ఇంజనును ఐడిల్‌లో కాసేపు తిరగనివ్వండి. ముందు పుల్లీ వెనక ఉన్న రెక్కలు క్రాంకుతో పాటు తిరుగుతాయి కాబట్టి బండి ఆగి ఉన్నా డబ్బాలోకి గాలి ఆడుతూనే ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు ఇంజను ఆపేస్తే ఆ గాలి కూడా ఆగిపోయి, పుల్లీల వేడంతా బెల్టులోకి దిగుతుంది.

దేవరకొండ మిత్రులకు పని వరుస చెబుతాను. ముందు గాలి గొట్టాలు శుభ్రం చేసి, లోపలికి పోయే మూతికి నురుగు ఫిల్టరు తొడుగు వేయండి. అది మూసుకుపోతే మళ్లీ వేడే కాబట్టి వారం వారం దులపాలి. వెనక గుండీలు మార్చండి. కిట్, కొత్త బెల్టు ఒకేసారి వేయండి, సన్నబడిన బెల్టుతో కొత్త వెయిట్లను పరీక్షిస్తే ఏ అంకె కూడా నమ్మదగినది కాదు. గుండీలు, మామూలు బేరింగులు, మరలు సికింద్రాబాదు రాణిగంజ్‌లో కొలతలు చూపిస్తే దొరికే అవకాశం ఉంది, వెయిట్లు, బెల్టు మాత్రం మీ మోడలువే కావాలి. ముందు పుల్లీ బోల్టును టార్క్ రెంచ్‌తోనే బిగించండి. కోసు భాగం, రంధ్రం రెండూ పొడిగా, శుభ్రంగా ఉండాలి, అక్కడ నూనె రాస్తే బిగింపు లెక్క తప్పుతుంది.

కొత్త బెల్టుతో మొదటి యాభై కిలోమీటర్లు పూర్తి యాక్సిలరేటర్ వద్దు, ట్యాంకు వద్దు, ఒకే వేగంలో ఎక్కువసేపు నడపవద్దు. ఆ తరువాత ఆర్‌పీఎం మళ్లీ చూసుకొని, తక్కువగా ఉంటే కొసలో అర గ్రాము తీయండి, ఎక్కువగా ఉంటే కలపండి. ఒకసారికి ఒక్క మార్పే. మూడు వెయిట్లలోనూ సరిగ్గా ఒకే బరువు ఉండాలి, బంగారు కొట్టు త్రాసు దానికి సరిపోతుంది.

వాగు దాటినప్పుడు డబ్బాలోకి నీళ్లు పోతే బెల్టు జారుతుంది, అప్పుడు మొండిగా నొక్కవద్దు. కింద ఉన్న డ్రెయిన్ బిరడా తీసి నీళ్లు పోనిచ్చి, న్యూట్రల్‌లో కొంచెం రేజ్ చేస్తే ఆరిపోతుంది.

బత్తాయి తోట (దేవరకొండ) తిరిగి రాసినది:

చాలా సంతోషం. సర్దుకోగలిగే వెయిట్లు, ఒక మెట్టు గట్టి వెనక స్ప్రింగు ఉన్న కిట్, కంపెనీ బెల్టు తెప్పిస్తున్నాను. పరీక్ష ఎక్కడ చేస్తారని ఒక మిత్రుడు విడిగా అడిగారు: మా బీడు భూమిలోనే చేస్తాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మా జిల్లాలోకి కూడా వస్తుంది కాబట్టి అటువైపు అడవిలోకి ఈ బండ్లతో పోవడం కుదరదు, రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు ఎక్కించడమూ కుదరదు. వెయిట్లలో మడమకు ఎంత, కొసకు ఎంత పెట్టాక ఆర్‌పీఎం నిలిచిందో ఆ అంకెలు ఇక్కడే పెడతాను, 30 అంగుళాల టైర్లు వేసుకున్న మన వైపువారికి మొదలుపెట్టడానికి పనికివస్తాయి.